పిల్లలు నేర్చే వర్గీకరణలు, పిల్లలపై రుద్దే వర్గీకరణలు

1

తెలుగులో ‘వర్గం’ అనే మాట చేసే పనులు చాలా వున్నాయి. అక్షరాలు దిద్దే పిల్లవాడికి క, ఖ, గ, ఘ, ఙ ఒక వర్గం. లెక్కల మాస్టారికి మూడు మూళ్ళు తొమ్మిది అవడం వర్గం. మనబోటి వాళ్ళకు ఉత్పత్తి సాధనాలతో మనుషులకున్న సంబంధాన్ని బట్టి ఏర్పడేది వర్గం. అవుకు, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో రచ్చబండ మీద కూర్చున్న మనిషిని అడిగితే, వర్గమంటే ఫలానా నాయకుడి వెనక నిలబడ్డ మనుషులని చెబుతాడు. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లవాడు యీ నాలుగు అర్థాల్లో ఏది ముందు నేర్చుకుంటాడు? బడికి పోయి క వర్గం దిద్దకముందే ఏ ఇంటి అరుగు మీద కూర్చోవచ్చో, ఏ సందులోకి పోగూడదో వాడికి తెలిసిపోతుంది. అంటే నాలుగో అర్థం మొదట వస్తుంది. మూడో అర్థం చాలామందికి జీవితమంతా రాదు.

ఇది మాటలతో చమత్కారం కాదు. పసిపిల్లలు లోకాన్ని ఎట్లా విభజించుకుంటారు, ఏది దేనితో కలుస్తుందని ఎట్లా నేర్చుకుంటారు అన్నది మనస్తత్వ శాస్త్రజ్ఞులకు వదిలేయదగ్గ ప్రశ్న కాదు. ఆ నేర్పుకు చరిత్ర వుంది. దత్తమండలాల చరిత్రలో ఆ జాడలు చూడవచ్చు. కులం, పేదరికం, ఆడ మగ తేడా ‘సహజం’ అని పెద్దవాళ్ళు వాదించేటప్పుడు చివరికి తెచ్చే సాక్ష్యం పసివాడే. ‘చూడండి, పిల్లలకు కూడా తెలుసు’ అంటారు. కాబట్టి ఆ పిల్లవాడికి నిజంగా తెలిసిందేమిటో, ఎవరు తెలియజేశారో విచారించాలి.

2

ముందు పిల్లవాడికి న్యాయం చేద్దాం. వర్గీకరించే శక్తి ఎవరో దానం చేసింది కాదు. మూడు నాలుగు నెలల శిశువుకు వరుసగా పిల్లి బొమ్మలు చూపించి, ఆ తర్వాత కుక్క బొమ్మ చూపిస్తే కొత్తదాన్ని చూసినట్టు ఎక్కువసేపు చూస్తుందని 1990ల మొదట్లో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. మాటలు రాకముందే పోలికను, తేడాను పట్టుకునే శక్తి వుంది. మాటలు వచ్చాక పిల్లలు చేసే తప్పులు యింకా విలువైనవి. కుక్కను ‘భౌ భౌ’ అనడం నేర్చిన పిల్ల మేకనూ దూడనూ భౌ భౌ అంటుంది. పెద్దవాళ్ళు నవ్వుతారు. కాని ఆ పిల్ల నాలుగు కాళ్ళను, తోకను, కదలికను చూసి ఒక సిద్ధాంతం చేసింది. రేపు మేక ‘మే’ అని అరిచినప్పుడు దాన్ని తనే సవరించుకుంటుంది. అనుభవం, సాధారణీకరణ, మళ్ళీ అనుభవం చేతిలో దిద్దుబాటు. జ్ఞాన సిద్ధాంతం గురించి మనం రాసుకునే పెద్ద మాటలన్నీ యీ రెండేళ్ళ పిల్ల ఆచరణలో వున్నాయి.

అమెరికాలో ఎలినార్ రాష్, ఆమె సహచరులు 1976లో ఒక విషయం గమనించారు. పిల్లలు ముందుగా పట్టుకునేది మరీ పెద్ద గంపను కాదు, మరీ చిన్న గంపను కాదు. ‘జంతువు’ కంటే ముందు ‘కుక్క’ వస్తుంది, కుక్కల్లో జాతులు తర్వాతి సంగతి. చూపుకు ఒకటిగా కనిపించేవి, చేత్తో ఒకే విధంగా వాడుకునేవి ముందు ఒక పేరు కిందికి వస్తాయి. ఒక గంపలో యింకొక గంప యిమిడి వుంటుందని గ్రహించడానికి చాలాకాలం పడుతుంది. స్విట్జర్లాండులో జాన్ పియాజె చేసిన ప్రసిద్ధ పరీక్షను మన ఇంట్లోనే చేసి చూడవచ్చు. పది మల్లెలు, మూడు బంతిపూలు పెట్టి ‘మల్లెలెక్కువా, పూలెక్కువా’ అని అడిగితే ఐదేళ్ళ పిల్ల మల్లెలే ఎక్కువంటుంది. మల్లె కూడా పువ్వేనని ఆమెకు తెలుసు. ఒకేసారి రెండు మెట్ల మీద నిలబడటం యింకా రాలేదు, అంతే. ‘మాదిగ పిల్లవాడూ మనిషే, రెడ్డి పిల్లవాడూ మనిషే’ అని నోటితో ఒప్పుకుని, ‘మనుషులెక్కువా, మన కులం వాళ్ళెక్కువా’ అన్న చోట తడబడే పెద్దవాళ్ళను చూసినప్పుడు, ఆ రెండో మెట్టు ఎక్కడం వయసుతో వచ్చే పని మాత్రమే కాదని అనిపిస్తుంది.

ఇక భాష. తెలుగు పిల్లవాడికి ఇంట్లో పడే మొదటి పెద్ద వర్గీకరణ బంధుత్వం. తండ్రి అన్నదమ్ములు పెద్దనాయన, చిన్నాయన. వాళ్ళ పిల్లలు అన్నలు, అక్కలు. తల్లి అన్నదమ్ములు మామలు. వాళ్ళ పిల్లలు బావలు, మరదళ్ళు, వదినలు. ఇంగ్లీషు పిల్లవాడు వీళ్ళందర్నీ ఒకే మాటతో చుట్టేస్తాడు. మోర్గాన్ 1871లో అచ్చు వేసిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలో తమిళ, తెలుగు వరసలకు స్థానం దొరికింది యిందుకే. అమెరికా ఆదివాసుల వరసలతో వాటి పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. మేనరికం పెళ్ళి, దాని వెనకనున్న ఆస్తి, శ్రమ సంబంధాలు ఏమిటో తెలియని ఐదేళ్ళ పిల్ల, ఆ సంబంధాల ముద్రను ‘బావ’ అన్న పిలుపులో మోస్తుంది. పదం ముందు వస్తుంది, దాని వెనక ఆర్థికం తర్వాత తెలుస్తుంది.

రెండోది లింగం. ‘నాయన వచ్చాడు’ అంటాం. ‘అమ్మ వచ్చింది’ అంటాం, ‘ఆవు వచ్చింది’ అనీ అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు: ‘అమ్మలక్కలు వచ్చారు’. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి చేసిన మహత్తు, అమహత్తు విభజన దీన్ని గురించే. ఈ క్రియారూపాన్ని మూడేళ్ళ పిల్ల తప్పు లేకుండా వాడుతుంది. ఇక్కడొక తొందరపాటు వుంది, దాన్ని వదిలించుకోవాలి. స్త్రీని పశువుతో కలిపే వ్యాకరణం వల్లే తెలుగు సమాజంలో స్త్రీ అణిగివుందనడం తేలిక. కాని పక్కనున్న కన్నడంలో, తమిళంలో ఏకవచనంలోనూ స్త్రీకి వేరే క్రియారూపం వుంది. అందువల్ల బళ్ళారి రైతుకూలీ స్త్రీకి ఆళ్ళగడ్డ కూలీ స్త్రీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు. భాష గంపల్ని అందిస్తుంది. ఎవర్ని ఏ గంపలో వేసి ఏ ధర కట్టాలో నిర్ణయించేది బయటి జీవితం.

ఆ బయటి జీవితం భాషలోకి అసలు చొరబడేది పిలుపులో. రాయలసీమ పల్లెల్లో కులాలు దాటి వరసలు కలుపుకునే అలవాటు వుంది. మామా, అన్నా, చిన్నాయనా అనుకుంటారు. ఆ తీపి వెనక ఒక గీత వుంది. భూస్వామి ఇంటి ఏడేళ్ళ కొడుకు తన తాత వయసున్న దళిత పాలేరును ‘ఏరా’ అని పిలవగలగడం, ఆ ముసలాయన ఆ పిల్లవాణ్ణి ‘అయ్యా’ అనడం ఎన్నో తరాలు నడిచిన పద్ధతి. ఎవరూ ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి కులం గురించి పాఠం చెప్పలేదు. ‘తాతా’ అన్నప్పుడు ఇంట్లో ఎవరో నవ్వారు, లేదా కసిరారు. ఒకసారి చాలు. భౌ భౌ అన్న పిల్లను మేక అరుపు దిద్దింది. ఈ పిల్లవాణ్ణి దిద్దింది మాత్రం పెద్దల చూపు. మొదటి దిద్దుబాటు పిల్లను నిజానికి దగ్గర చేసింది, రెండోది దూరం చేసింది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయేదంతా దీని మీదే ఆధారపడి వుంది.

3

అవుకు ప్రాంతం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా వున్న థామస్ మన్రో భూమిని కొలిపించి, మెట్ట, మాగాణి, తోట అని విడదీయించి, నేలల మంచిచెడ్డల ప్రకారం పన్ను కట్టించాడు. నల్లరేగడి, ఎర్రనేల, చౌడు అన్న మాటలు రైతు పిల్లలకు కొత్తవి కావు. వాన పడ్డాక కాలికి అంటుకునే తీరులోనే ఆ తేడా తెలుస్తుంది. కుందూ లోయలో రేగడి, ఎర్రమల వైపు రాతినేల. రైతు వర్గీకరణ ఏ విత్తనం ఏ నేలలో మొలుస్తుందో చెబుతుంది. సర్కారు వర్గీకరణ ఏ నేల మీద ఎంత గుంజవచ్చో చెబుతుంది. మాటలు అవే, ప్రయోజనం వేరు. దత్తమండలాల్లో ప్రజల జ్ఞానం పాలకుల పద్దులోకి ఎట్లా మారిందో చూడటానికి యింతకంటే మంచి ఉదాహరణ లేదు.

అదే మన్రో మద్రాసు గవర్నరుగా 1822లో బడుల లెక్క తీయమన్నాడు. అప్పట్లో కోయిలకుంట్ల ప్రాంతం కడప కలెక్టరు కింద వుండేది, 1858లో గాని కర్నూలు జిల్లాలో చేరలేదు. ఆ లెక్కల్లో అందరికంటే వివరంగా రాసింది పక్కనున్న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినవాడు కాబట్టి బడిలో ఏం జరుగుతోందో అతనికి అర్థమైంది. 1823 ఆగస్టులో అతను పంపిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు వున్నారు. అందులో ఆడపిల్లలు 60 మంది.

ఆ వీధిబడి చిత్రం నేటికీ కళ్ళకు కడుతుంది. ఐదో ఏట బియ్యంలో అక్షరం రాయించి మొదలుపెడతారు. తర్వాత ఇసుకలో వేలితో దిద్దుతారు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కో దెబ్బ పెరుగుతుంది. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెబుతారు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగినదేనని క్యాంబెల్ మెచ్చుకున్నాడు.

దీన్ని చూసి మన సంప్రదాయ విద్య గొప్పతనాన్ని పాడేవాళ్ళు వున్నారు. 1983లో ధరంపాల్ యీ నివేదికలన్నీ పుస్తకంగా వేసినప్పటి నుంచి ఆ పాట యింకా పెరిగింది. నివేదికలు బయటికి తేవడం మంచి పనే. బ్రిటిష్ వాళ్ళు రాకముందు యిక్కడ చదువే లేదన్న అబద్ధాన్ని అవి బద్దలు కొట్టాయి. పాత బడులు మూతపడటానికి కారణం దేశం క్రమంగా పేదదవడమేనని కంపెనీ అధికారే రాయక తప్పలేదు. ఇంతవరకు నిజం. కాని అదే క్యాంబెల్ యింకొక మాట రాశాడు. పిల్లల చేతిలోని పుస్తకాలు కులాన్ని, మతాన్ని బట్టి మారేవి. ఒకరికి రామాయణ భారత భాగవతాలు, చేతిపని కులాల వారికి తమ విశ్వకర్మ పురాణం, లింగాయతులకు బసవ పురాణం. పైగా పిల్లలు వల్లించే పద్యాల అర్థం వాళ్ళకు తెలియదు, తెలియాలని ఎవరూ అనుకోరు. పిల్లవాడు బడిలో నేర్చింది పద్యం కాదు, ఆ పద్యం ఎవరిదో. 927,857 మంది జనాభాలో 6,641 మందికే బడి వుండటం అన్నిటికంటే పెద్ద వర్గీకరణ. ఇసుకలో వేలు పెట్టే అర్హత వున్నవాళ్ళు, లేనివాళ్ళు. అరచేతి మీద సరస్వతి, సున్న, దెబ్బ అన్న మూడు గుర్తులూ బడిలోకి రాగలిగిన వాళ్ళ మధ్య తేడాలే. రాలేనివాడికి దెబ్బ కూడా లేదు.

4

రాజ్యం పిల్లలకు పాఠం చెప్పే చోటు బడి ఒక్కటే కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తవర్జీ అందకపోవడం, కట్టుబడి మాన్యాలు పోవడం ఆ తిరుగుబాటు వెనకనున్న కారణాల్లో ముఖ్యమైనవి. ఆయన పాలెగాళ్ళ సంతతి, కూలీల నాయకుడు కాడు. దాన్ని దాచి ఆయనను మన కాలపు విప్లవకారుడిగా తయారుచేయనక్కర్లేదు. కాని వెంట నడిచినవాళ్ళలో బతుకుతెరువు పోయిన కట్టుబడి బంట్రోతులు, సామాన్య జనం వున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే వుంది.

ముప్ఫై ఏళ్ళు! అంటే ఆ తలను చూస్తూ ఒక తరం పిల్లలు పుట్టి, పెరిగి, తామూ పిల్లల్ని కన్నారు. తల్లి చంకనెక్కి సంతకు పోయే పిల్ల పైకి చూసి ‘అదేంది’ అని అడిగి వుండదా? కంపెనీ సర్కారు చెప్పమన్న జవాబు ‘దొంగ, రాజద్రోహి’. రేనాటి పల్లెల్లో పాటలు కట్టి పాడుకున్న జవాబు ‘వీరుడు’. ఒకే తల, రెండు గంపలు. ఏది నిజమో తేల్చుకోవడానికి ఆ పిల్ల దగ్గర ప్రయోగశాల లేదు. ఎవరి మాట తన కడుపు నిజానికి దగ్గరగా వుందో చూసుకుంది. ముప్ఫై ఏళ్ళ పాటు కళ్ళ ముందు వేలాడదీసిన వర్గీకరణను కూడా జనం ఒప్పుకోలేదనడానికి నేటికీ బతికున్న ఆ పాటలే సాక్ష్యం. పసివాళ్ళ బుర్ర ఖాళీ పలక అనీ, పాలకుడు ఏది రాస్తే అదే మిగులుతుందనీ అనుకునేవాళ్ళు దీన్ని గమనించాలి.

అయితే ప్రతిచోటా అట్లా జరగలేదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో అమలైంది. ఎరుకల వంటి సంచార జాతులు రాజ్యం దృష్టిలో పుట్టుకతో నేరస్థులయ్యారు. ఉప్పు, ధాన్యం మోసి బతికినవాళ్ళ బతుకుతెరువును రైలు, సర్కారు విధానాలు కూల్చివేశాయి, ఆ తర్వాత వాళ్ళకు దొంగలని పేరు పెట్టాయి. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు లేచాయి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి దిద్దుబాటు బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఏ తప్పూ చేయడానికి యింకా వయసు రాని పిల్ల, తన తల్లికి దూరంగా, తను ఏ గంపలో పుట్టిందో నేర్చుకుంది. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. పేరు మాత్రం పోలేదు. తిట్టుగా, సినిమాలో హాస్యంగా, పోలీసు అనుమానంగా బతికింది.

5

ఇక మన కాలానికి వద్దాం. 1970లో గుజరాతులో తొలి సంకర పత్తి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి సంకర పత్తి విత్తనాలకు పెద్ద కేంద్రమైంది. ఆ విత్తనం చేత్తో తయారవ్వాలి. ఆడ మొక్క మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తించి, రేకులనూ పుప్పొడి కాడలనూ గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వును తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కరోజు ముందు గిల్లినా, ఒక్కరోజు వెనక గిల్లినా విత్తనం చెడుతుంది. 1990ల నుంచి పరిశోధకులు నమోదు చేసినదాని ప్రకారం ఈ పని చేసినవాళ్ళలో అత్యధికులు పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలు, అందులోనూ దళిత, వెనకబడిన కులాల పిల్లలు. తల్లిదండ్రులకు ముందుగానే అప్పు ఇచ్చి పిల్లల్ని కట్టేసేవారు. పని కాలం సరిగ్గా బడి నడిచే నెలల్లోనే.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక మొక్క మీద వున్న మొగ్గల్లో రేపు విచ్చుకునేదేదో, ఎల్లుండిదేదో, రాలిపోయేదేదో చూపుతో విడదీస్తోంది. రోజుకు కొన్ని వందల సార్లు ఆ తీర్పు చెబుతోంది. ఇది వర్గీకరణ కాకపోతే మరేది వర్గీకరణ? వృక్షశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో నేర్చేదాన్ని ఆమె చేను గట్టు మీద నేర్చింది. అదే పిల్ల డిసెంబరులో పని అయిపోయాక బడికి పోతే, పుస్తకంలోని ‘కేసరావళి, అండకోశం’ అన్న మాటలు రాలేదు కాబట్టి మొద్దు. నాలుగైదు నెలలు రాలేదు కాబట్టి ‘బడి మానేసిన’ పిల్ల. పొలంలో వర్గీకరించే మనిషి, బడిలో వర్గీకరణకు గురయ్యే వస్తువైంది.

1931, 32లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లూరియా మధ్య ఆసియా రైతుల దగ్గరికి పోయి సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వీటిలో కలవనిది ఏదని అడిగాడు. దుంగ పనిముట్టు కాదు కాబట్టి దాన్ని తీసేయాలని అతని లెక్క. చదువురాని రైతులు తీసేయలేదు. దుంగ లేకపోతే రంపానికి ఏం పని అన్నారు. బడికి పోయినవాళ్ళు తేలిగ్గా తీసేశారు. ఆ పరిశోధన 1974 దాకా పుస్తకంగా రాలేదు. జాతి మైనారిటీలను కించపరుస్తోందన్న విమర్శ దానికి అడ్డుపడింది. లూరియా గురువు లాంటి సహచరుడు వైగోట్‌స్కీ 1934లో, ముప్ఫై ఏడేళ్ళకే చనిపోతూ వదిలిన పుస్తకంలో దీనికి దారి చూపాడు. నిత్యజీవితంలో పుట్టే భావనలు కింది నుంచి పైకి పెరుగుతాయి, శాస్త్రీయ భావనలు పై నుంచి కిందికి దిగుతాయి, రెండూ కలిసినప్పుడే ఆలోచన పెరుగుతుంది. ఆ రైతుది తెలివితక్కువ కాదు, పనితో ముడిపడిన తెలివి. దాన్ని పొగిడి అక్కడే వదిలేయడం కూడా అన్యాయమే. మొగ్గను గుర్తించే పిల్లకు ఆ మొగ్గ ఎందుకట్లా తయారైందో, దాని విత్తనం ఏ ధరకు పోతుందో, తనకు దక్కిన కూలి దానిలో ఎంతో తెలిసే హక్కు వుంది. ‘కేసరావళి’ అన్న మాట ఆమెకు రావాలి. కాని ఆమె వేళ్ళకు తెలిసిన పువ్వు మీదుగా రావాలి.

మన వాళ్ళలో గిడుగు రామమూర్తి యీ సంగతి ముందే పట్టుకున్నాడు. పర్లాకిమిడి కొండల్లో సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పడానికి ఆ భాష నేర్చి, పుస్తకాలు రాసి, బడులు పెట్టించాడు. వాడుక భాషా పోరాటాన్ని పండితుల తగాదాగా చూస్తే సగమే అర్థమవుతుంది. పిల్లవాడి నోట్లో వున్న మాటను ‘తప్పు’ అన్న గంపలో వేసే అధికారం ఎవరిదన్నదే అక్కడి ప్రశ్న. కోస్తాలో పసిపిల్లల మాటగా ‘జేజి’ అంటే దేవుడు. సీమలో జేజి అంటే నాయన తల్లి. కోస్తా వాచకం చదివే అవుకు పిల్ల తన అవ్వను దేవుడనుకోవాలా, లేక తన మాటే తప్పనుకోవాలా?

6

గంప మీద రాసిన పేరు పిల్లవాడి చేతిని కూడా కట్టేస్తుందని చెప్పే ప్రయోగం ఒకటి ఉత్తరప్రదేశ్ పల్లెల్లో జరిగింది. హాఫ్, పాండే అనే పరిశోధకులు ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఎత్తనప్పుడు కింది కులాల పిల్లలు పై కులాల పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందు పేరు, కులం చదివాక కింది కులాల పిల్లల ఫలితం స్పష్టంగా పడిపోయింది. 2006లో అచ్చయిన యీ ఫలితం ఒక్క వాక్యంలో చెప్పేది యిది: తెలివి పోలేదు, గంప పేరు చదివారు.

దీన్నుంచి కులం పేరే ఎత్తకూడదని కొందరు తీర్మానిస్తారు. అది పాలకులకు సుఖమైన తీర్మానం. బడి రిజిస్టరులో కులం గడి తీసేస్తే ‘ఏరా’ అన్న పిలుపు పోదు, పత్తి చేను అప్పు తీరదు. రిజర్వేషన్ కోసం రాసే పేరు, అవమానించడానికి చదివే పేరు ఒకటి కాదు. రైతు ‘రేగడి’, సర్కారు ‘రేగడి’ ఒకటి కానట్టే. పేరు ఎవరి చేతిలో ఏ పని చేస్తోందన్నదే చూడాలి.

ఇక మన సంగతి. మనం పిల్లల కోసం రాసినప్పుడు ఏం చేస్తున్నాం? మంచి కూలి, చెడ్డ భూస్వామి అని రెండు గంపలు తయారుచేసి, పాత్రలను వాటిలో పడేసి, దాన్ని వర్గ దృక్పథం అనుకుంటున్నాం. అది వీధిబడి పద్యం లాంటిదే. పిల్లవాడు వల్లిస్తాడు, అర్థం అడగడు. ‘వర్గం’ అన్న మాటను నాలుగో అర్థంలో, మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు అన్న ముఠా అర్థంలో నేర్చిన సీమ పిల్లవాడికి మన కథ ఆ అర్థాన్నే గట్టిపరుస్తుంది. మూడో అర్థం చేరాలంటే పిల్లవాడు తన కళ్ళతో చూసేదాన్నుంచి మొదలుపెట్టాలి: ఈ మొగ్గ ఎవరు గిల్లారు, విత్తనం సంచి మీద ఎవరి పేరుంది, ఈ తాతను నేను ‘ఏరా’ అని ఎందుకంటున్నాను, ఆయన నన్ను ‘అయ్యా’ అని ఎందుకంటున్నాడు.

మేకను భౌ భౌ అన్న పిల్లను మేక దిద్దింది. ‘తాతా’ అన్న పిల్లవాణ్ణి పెద్దలు చెడగొట్టారు. ఆ పిల్లవాడు మొదట అన్నమాటే ఒప్పని చెప్పే కథలు, పాఠాలు, పాటలు మన దగ్గర ఎన్ని వున్నాయో లెక్క చూసుకోవాలి.